పాట ఊరు మారితే...

అమెరికా కొండల పాటను ఓ జమైకా గాయకుడు తన ఊరి పాట చేసుకున్నాడు. జహీరాబాద్ చేలల్లో ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్నదీ అదే పని. కాకపోతే వాళ్ల పాటకు ఇప్పుడో కొత్త కష్టం వచ్చింది.

ఒక పాటలో ఎన్ని మాటలుంటాయి? నూరో, నూటయాభయ్యో. అందులో ఒక్క మాట మారిస్తే ఏమంత తేడా వస్తుంది అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క మాట ఊరి పేరైతే... పాట ఇల్లే మారిపోతుంది!

1970ల తొలినాళ్లలో అదే జరిగింది. 'టూట్స్ అండ్ ది మేటల్స్' అనే బృందం అప్పటికే జమైకా దీవిలో ఇంటింటికీ తెలిసిన పేరు. వాళ్లది రెగ్గే సంగీతం. అసలు రెగ్గే అన్న మాటకు ప్రచారం వచ్చిందే 1968లో వాళ్లు తెచ్చిన 'డు ది రెగ్గే' రికార్డుతో. అలాంటి బృందం అమెరికా పల్లెపాట ఒకటి ఎత్తుకుంది. 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' ఆ పాట. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని కొండల్నీ బాటల్నీ తలచుకుంటూ, ఇంటికి తీసుకుపొమ్మని రోడ్డునే వేడుకునే మనిషి గొంతు అది. గాయకుడు టూట్స్ హిబ్బర్ట్ అందులో వెస్ట్ వర్జీనియా తీసేసి, ఆ చోట 'వెస్ట్ జమైకా' పెట్టాడు. అంతే! తెల్లవాళ్ల కొండపాట నల్లవాళ్ల దీవిపాట అయి కూర్చుంది.

రెండు సంగీతాలూ వినడానికి ఉత్తర దక్షిణ ధ్రువాలు. అమెరికా దక్షిణాది పల్లెల్లో గిటారు, ఫిడేలు, బాంజోల మీద పెరిగింది కంట్రీ సంగీతం. దానికి డ్రమ్ముల జోరు కలిస్తే కంట్రీ రాక్. రెగ్గే పుట్టింది కింగ్‌స్టన్ పేదవాడల్లో. మనం చప్పట్లు కొట్టే చోట రెగ్గే గిటారు ఊరుకుంటుంది. రెండు చప్పట్ల మధ్య ఖాళీలో 'చక్' మంటుంది. కింద బేస్ గిటారు బరువుగా నడుస్తుంది. వినేవాడి నడుము తనంతట తానే ఊగుతుంది.

మరి ఈ రెంటికీ చుట్టరికం ఎలా కుదిరింది? రేడియోతో. అమెరికా స్టేషన్ల పాటలు రాత్రివేళ గాలిలో సముద్రం దాటి జమైకా దాకా వినిపించేవి. జిమ్ రీవ్స్, మార్టీ రాబిన్స్ లాంటి కంట్రీ గాయకులంటే జమైకన్లు చెవి కోసుకునేవారు. పల్లె విడిచి పట్నం చేరినవాడి బెంగ ఏ భాషలో ఉన్నా ఒకటే కదా! చర్చి పాటలు పాడుతూ పెరిగిన టూట్స్‌కు ఆ బెంగ కొత్తది కాదు. అందుకే ఆ పాట అరువు గొంతులా వినిపించదు. 2020 సెప్టెంబరు 11న టూట్స్ కన్నుమూశాక ఆయన్ని తలచుకున్న వాళ్లలో చాలామంది ఈ పాటను కూడా తలచుకున్నారు.

ఆ ఊరు చూడకుండానే...

అసలు తమాషా వేరే ఉంది. ఆ పాట మొదట్నుంచీ వెస్ట్ వర్జీనియాదేనా అంటే... అదీ కాదు!

బిల్ డానాఫ్, టాఫీ నివెర్ట్ అనే గాయకుల జంట ఓసారి మేరీల్యాండ్ రాష్ట్రంలో చెట్ల మధ్య వంకర్లు తిరిగే చిన్న రోడ్డు మీద కారులో వెళుతున్నారు. ఆ దారిలోనే పల్లవి పుట్టింది. డానాఫ్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్. ఆ పేరే పెడదామని కూడా ఆయన అనుకున్నాడు. చివరికి చెవికి ఇంపుగా ఉందని 'వెస్ట్ వర్జీనియా' పెట్టాడు. అప్పటికి ఆ రాష్ట్రంతో ఆయనకు పెద్ద పరిచయం లేదు. 1970 డిసెంబరు చివర్లో జాన్ డెన్వర్‌తో కలిసి రాత్రికి రాత్రి కూర్చుని పాట పూర్తిచేశారు. ఆ వెంటనే వాషింగ్టన్‌లోని సెల్లార్ డోర్ క్లబ్బులో పాడారు. 1971లో రికార్డుగా వచ్చి, అమెరికా పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. పాటలో చెప్పిన కొండలూ నదీ ఎక్కువ భాగం పక్క రాష్ట్రమైన వర్జీనియాలో ఉన్నాయని భూగోళం తెలిసినవాళ్లు ఇప్పటికీ నవ్వుతుంటారు.

అయితేనేం? వెస్ట్ వర్జీనియా జనం దాన్ని గుండెకు హత్తుకున్నారు. 2014లో ఆ రాష్ట్రం తన అధికారిక గీతాల్లో దాన్నీ చేర్చుకుంది. అంటే చెవికి ఇంపుగా ఉందని పెట్టిన పేరు నిజంగానే ఆ ఊరిదైపోయింది. టూట్స్ పెట్టిన పేరు జమైకాదైపోయింది. పాటలో ఊరి పేరుండే చోటు ఓ ఖాళీ పీట లాంటిది. ఎవరొచ్చి కూర్చుంటే వాళ్లదే పెద్దరికం.

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఏ పెద్దమ్మకు ఈ కథ చెప్పినా ఆశ్చర్యపోదు. 'పాటన్నంక ఊరి పేరు మారదా?' అని ఎదురడుగుతుంది. ఆమెకు తెలిసిన పాటలన్నీ అలా మారుతూ వచ్చినవే మరి!

ముందు ఒక గొంతు... వెనక పదిమంది

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, రాజధానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది జహీరాబాద్. అది దాటితే కర్ణాటక. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. నేల ఎర్రన. వాన తక్కువ. ఒకే సంతలో తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం, లంబాడీ వినిపిస్తాయి. మరాఠీ కూడా దూరమేం కాదు. ఇన్ని భాషలు రాసుకుపూసుకు తిరిగే చోట పాట ఒక్కచోట కాలు కట్టేసుకుని ఉంటుందా?

ఇక్కడి పెండ్లి పాటలే తీసుకోండి. పిల్లను అప్పగించేటప్పుడు పాడే పాటలో పుట్టినూరి పేరు, అత్తగారి ఊరి పేరు, పిల్ల పేరు, తమ్ముడి పేరు... అన్నీ ఖాళీ పీటలే. నిన్న అల్గోల్ పిల్ల కోసం పాడిన పాటే నేడు ఝరాసంగం పిల్ల కోసం పేర్లు మార్చుకుంటుంది. కోడలిగా వచ్చిన పిల్ల తన తల్లిగారింటి పాట వెంట తెచ్చుకుంటుంది. ఆమె పాడుతుంటే నలుగురు తోడికోడళ్లు నేర్చుకుంటారు. పదేళ్లు గడిచేసరికి ఆ పాట ఏ ఊరి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. పెట్టెలో చీరలు పాతబడిపోతాయి. పాట మాత్రం ఆ ఇంటిదై మిగిలిపోతుంది.

బతుకమ్మ పాటలదీ అంతే. చప్పట్లు చరుస్తూ చుట్టూ తిరిగే వలయంలో ఒకామె ముందు చరణం అందుకుంటుంది. మిగతావాళ్లంతా 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో గొంతు కలుపుతారు. ముందు పాడే ఆమెకు కథ తెలిసుంటే చాలు, చరణాలు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతుంది. పురాణం చెబుతూ చెబుతూ ఆ ఏటి వానను తెస్తుంది, ఊరి చెరువును తెస్తుంది, సర్పంచిని కూడా ఓ చురక అంటిస్తుంది. టూట్స్ పాటలు విన్నవాళ్లకు ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. ఆయన ఓ మాట విసురుతాడు, వెనకున్న గొంతులు అందుకుంటాయి. ఆయన నేర్చుకున్నది చర్చిలో. వీళ్లు నేర్చుకున్నది బతుకమ్మ చుట్టూ తిరుగుతూ.

ఇలాంటి పాటలు ఏరి, వర్గాలుగా పేర్చి, 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అనే పెద్ద పరిశోధన చేశారు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు బిరుదురాజు రామరాజు. అది 1950ల నాటి మాట. ఇంట్లో పసిపిల్ల ఏడుపు మానడానికి పాడేవీ, చేలో కాలు నొప్పి తెలియకుండా పాడేవీ సాహిత్యమేనని విశ్వవిద్యాలయం స్థాయిలో నిలబెట్టి చెప్పిన మనిషి ఆయన.

పని పోతే పాట ఎక్కడుండాలి?

జమైకా పాటకూ జహీరాబాద్ పాటకూ ఒక పెద్ద తేడా ఉంది. టూట్స్ పాట స్టూడియోలో పుట్టి, రికార్డులోకి ఎక్కింది. జహీరాబాద్ పాటలు చాలావరకు పనిలో పుట్టినవి. పని నడక ఎలా ఉంటే పాట నడక అలా ఉంటుంది.

ఇసుర్రాయి పాట సంగతి చూడండి. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటారు. పిడి ఇద్దరి చేతుల్లో ఉంటుంది. రాయి ఒక చుట్టు తిరిగేసరికి పాటలో ఓ పాదం పూర్తవుతుంది. జొన్నలు పోసే చోట చిన్న విరామం. అది పాటలోనూ వస్తుంది. తెల్లవారుజామున ఇల్లంతా నిద్రపోతుంటే ఆడవాళ్లు తమ కష్టసుఖాలు చెప్పుకోవడానికి దొరికిన ఒకే ఒక్క చోటు అది. అత్త మీద కోపం, పుట్టింటి మీద బెంగ, తాగొచ్చే మొగుడి మీద ఎత్తిపొడుపు... మాటగా అంటే తప్పు, పాటగా అంటే ఒప్పు! కలుపు పాట నడక ఇంకోలా ఉంటుంది. వంగిన నడుములు వరుసగా ముందుకు జరుగుతుంటాయి. ఎవరూ వెనకబడకుండా పాటే అందర్నీ లాక్కుపోతుంది. బావి దగ్గర ఎడ్లతో నీళ్లు తోడేటప్పుడు పాడే మోట పాటకు ఎడ్లు వెనక్కీ ముందుకూ నడిచే నడకే తాళం.

ఇప్పుడు ఇసుర్రాయి ఏ ఇంట్లో తిరుగుతోంది? గిర్నీ వచ్చింది, తర్వాత మిక్సీ వచ్చింది. మోట పోయి కరెంటు మోటారు వచ్చింది. 2013లో జహీరాబాద్‌లోనే మహీంద్రా వారి ట్రాక్టర్ల కర్మాగారం మొదలైంది. జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి విత్తిన చేలల్లో చాలా చోట్ల చెరకు, పత్తి, అల్లం, ఆలుగడ్డ నిలబడ్డాయి. కలుపు తీసే చేతుల బదులు కలుపు మందు డబ్బాలు వచ్చాయి. ఇందులో తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి శేరు జొన్నలు విసిరిన ఆడమనిషి భుజాన్ని అడిగితే గిర్నీ దేవుడిలా వచ్చిందనే చెబుతుంది. ఆ చాకిరీ మళ్లీ రావాలని కోరుకోవడం కూడా అన్యాయం.

కానీ చాకిరీతో పాటు పాటకూ చోటు పోయింది. ఊరు మారితే పాట బతుకుతుంది, పేరు మార్చుకుంటుంది. అసలు నిలబడే చోటే లేకపోతే? ఇసుర్రాయి లేని ఇంట్లో ఇసుర్రాయి పాట ఎప్పుడు పాడాలి, ఎవరితో పాడాలి?

నూరు వాట్ల గొంతు

ఈ ప్రశ్నకు జహీరాబాద్ ఓ జవాబు వెతికింది. ఆ జవాబు పేరు సంఘం రేడియో.

పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చుట్టుపక్కల ఊళ్లలో పేద దళిత మహిళలతో సంఘాలు కట్టింది. బీడు నేలలు సాగులోకి తేవడం, చిరుధాన్యాల విత్తనాలు దాచుకుని పంచుకోవడం ఆ సంఘాల పని. సంస్థను నడిపించిన పి.వి.సతీశ్ ఒకప్పుడు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి. 2023 మార్చి 19న కన్నుమూశారు. పల్లె ఆడవాళ్ల చేతికి కెమెరా, మైకు ఇస్తే ఏం చేస్తారో చూద్దామన్నది ఆయన పట్టుదల. 1990ల చివర్లో యునెస్కో సాయంతో ఝరాసంగం మండలం మాచ్నూర్‌లో చిన్న స్టూడియో సిద్ధమైంది. మైకులున్నాయి, టేపులున్నాయి, పాడేవాళ్లున్నారు. లేనిదల్లా గాలిలోకి పంపే అనుమతి!

అప్పటికే 1995లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, అవి ఒక్క ప్రభుత్వం గుప్పిట్లోనే ఉండకూడదని. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ పి.బి.సావంత్ ఉన్నారు. మాట వచ్చింది గానీ అది పల్లెకు చేరడానికి మరో పదేళ్లు పట్టింది. స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో నడుపుకోవచ్చన్న విధానం 2006 నవంబరులో వచ్చింది. అందాకా మాచ్నూర్ ఆడవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాటలూ కథలూ పంట ముచ్చట్లూ రికార్డు చేశారు. ఆ టేపుల్ని సంఘాల సమావేశాలకు మోసుకెళ్లి వినిపించారు. గాలి మోయాల్సిన పాటను మనుషులు మోశారు.

చివరికి 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మోగింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ జస్టిస్ సావంతే!

స్టేషన్ బాధ్యత తీసుకున్నది ఇద్దరు నర్సమ్మలు. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత కుటుంబాల ఆడపిల్లలు. రికార్డు చేయడం, కత్తిరించి అతకడం, మైకు ముందు మాట్లాడటం అన్నీ వాళ్లే నేర్చుకున్నారు. మొదటి ఏళ్లలో రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు ప్రసారాలు. పనులు ముగించుకుని పొయ్యి దగ్గరకు చేరే వేళ అది. నిబంధనల ప్రకారం సామాజిక రేడియో ప్రసార శక్తికి నూరు వాట్లే పరిమితి. ఇంట్లో పాతకాలపు బల్బు ఒకటి వెలగడానికి సరిపోయేంత! అయినా చుట్టుపక్కల పల్లెలకు ఆ గొంతు చేరింది.

ఆ గొంతులో ఉన్న విశేషం దాని యాస. పట్నం రేడియోలో అప్పటిదాకా వినిపించింది పుస్తకం తెలుగు. సంఘం రేడియోలో వినిపించింది 'గిట్లయితది' 'అట్లంటరు' అనే ఇంటి తెలుగు. తమ మాట రేడియోలో వస్తే ఆ మాటకు విలువ పెరుగుతుందన్న సంగతి చదువుకున్నవాళ్లకు కొత్తగా అనిపించవచ్చు. బడిలో తన యాసకు నవ్వులపాలైన పిల్లను అడిగితే తెలుస్తుంది.

మైకు ముందు పాట కొత్త పని నేర్చుకుంది. ఇసుర్రాయి లేకుండా ఇసుర్రాయి పాట పాడాలి. తాళానికి రాయి లేదు కాబట్టి చప్పట్లో, పక్కామె గొంతో ఆసరా. విత్తనాల పాట విత్తే వేళకే వినిపిస్తే అది ఒక విధంగా వ్యవసాయ సలహా కూడా. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ సంఘాలు ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని ఊరూరూ తిరిగే పాత పంటల జాతర మొదలై రెండు దశాబ్దాలు దాటింది. ఆ బండ్ల ముందు డప్పుతో పాటు నడిచేదీ పాటే. నీటి తడి లేకుండా మంచుకే పండే శీతకాలపు పంటల్ని ఇక్కడి ఆడవాళ్లు 'సత్యం పంటలు' అంటారు. ఆ మాట నిఘంటువులో వెతికితే దొరక్కపోవచ్చు. పాటలో మాత్రం భద్రంగా ఉంటుంది.

ఎవరి పాట? ఎవరి సొమ్ము?

పాట ఊరు మారడం ఎప్పుడూ నవ్వుతూ జరిగే పనేం కాదు. తగాదాలూ వస్తాయి.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1978లో పుట్టిన రెగ్గే బృందం యూబీ 40. ఆ పేరు నిరుద్యోగ భృతి కోసం నింపే దరఖాస్తు నంబరు! అంటే బృందంలో కుర్రాళ్ల పరిస్థితి ఏమిటో పేరులోనే ఉంది. వాళ్లకు 1983లో పెద్ద పేరు తెచ్చిన 'రెడ్ రెడ్ వైన్' అసలు అమెరికా గాయకుడు నీల్ డైమండ్ 1967లో పాడినది. వీళ్లు విన్నది జమైకా వాడైన టోనీ ట్రైబ్ రెగ్గే రూపం. రాసినవారి పేరు చోట 'ఎన్. డైమండ్' అని చూసి, నీగస్ డైమండ్ అనే జమైకా ఆయనెవరో ఉన్నాడనుకున్నారట! పాట అంతగా ఊరు మారిపోయింది మరి.

అదే బృందం 2013లో 'గెటింగ్ ఓవర్ ది స్టార్మ్' పేరుతో కంట్రీ పాటలు రెగ్గేలో పాడి ఆల్బమ్ తెచ్చింది. ఈసారి ఇంట్లోనే చిచ్చు రేగింది. ముప్ఫై ఏళ్లకు పైగా కలిసి పాడిన ఆస్ట్రో ఆ ఏడాది నవంబరులో బృందం విడిచి వెళ్లిపోయాడు. ఈ కంట్రీ దారి తనకు నచ్చలేదన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. ఊరు మారిన పాటను సొంతం చేసుకోవడానికి అందరూ ఒప్పుకోవాలన్న రూలేం లేదు.

అయితే ఆ తగాదాల్లో ఒక మంచి ఉంది. అక్కడ రాసినవాడి పేరు కాగితం మీద ఉంటుంది. డానాఫ్ పాటను ఎవరు ఏ యాసలో పాడినా రాసినవాళ్లకు రావాల్సిన వాటా వస్తుంది. నీల్ డైమండ్‌దీ అంతే. జహీరాబాద్ కలుపు పాటకు ఆ కాగితం లేదు. అది ఒక్కరు రాసింది కాదు, వందమంది దిద్దింది. అందుకే దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. సినిమాల్లో, కేసెట్లలో, ఇప్పుడు యూట్యూబ్‌లో పల్లె బాణీలు కోట్లమంది వింటున్నారు. పేరు చోట చాలాసార్లు 'జానపదం' అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క వెనక ఎవరి తల్లి ఉందో, ఎవరి అవ్వ ఉందో!

పేరు నిలిచిన పాటలూ లేకపోలేదు. బండి యాదగిరి సాయుధ పోరాట కాలంలో నిజాం మీద కట్టిన 'బండెనక బండి కట్టి' పాట 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో తెరకెక్కింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఉద్యమాల్లో జనం ఆ బాణీకి తమ కొత్త మాటలు పెట్టుకున్నారు. పీటలో కూర్చున్న మనిషి మారాడు, బాణీ మాత్రం అదే. ఎన్ని మారినా యాదగిరి పేరు చెప్పుకోవడం జనం మరిచిపోలేదు. మాటలు మార్చుకుంటే పాటకు నష్టం లేదు. ముందు పాడిన మనిషిని మరిచిపోతేనే ఆ మనిషికి అన్యాయం జరుగుతుంది. సంఘం రేడియో చేసిన పెద్ద పని ఇక్కడే కనిపిస్తుంది. పాట వినిపించినప్పుడు అది గాల్లోంచి ఊడిపడ్డ 'జానపదం' కాదు. ఫలానా ఊరి ఫలానా ఆమె పాడుతోందని వినేవాళ్లకు తెలుసు. మర్నాడు సంతలో ఆమె ఎదురుపడుతుంది కూడా.

రోడ్డు ఎటు తీసుకెళితే అటు

జహీరాబాద్ మీదుగా పోయే రహదారి ఏళ్ల తరబడి ఇక్కడి మనుషుల్ని హైదరాబాద్‌కూ ముంబయికీ మోసుకెళుతోంది. కూలికి వెళ్లినవాళ్లు, చదువుకు వెళ్లినవాళ్లు, అక్కడి నుంచి విమానం ఎక్కి ఇంకా దూరం వెళ్లినవాళ్లు ఉన్నారు. ఇంటికి తీసుకుపొమ్మని రోడ్డును అడిగే పాట ఎవరికైనా అవసరమైతే వాళ్లకే అవసరం.

వెళ్లినవాళ్లు పాటను వదిలిపెట్టలేదన్నదే సంతోషించాల్సిన సంగతి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడగానే 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించారు. వెస్ట్ వర్జీనియా తన పాటను అధికారికం చేసుకున్నదీ ఆ ఏడాదే! ఇప్పుడు డల్లాస్‌లో, లండన్‌లో తంగేడు దొరక్కపోతే దొరికిన పూలతోనే బతుకమ్మ పేరుస్తున్నారు. పూలు మారాయి, చెరువు బదులు నీళ్ల తొట్టి వచ్చింది. 'ఉయ్యాలో' మారలేదు. అక్కడ పుట్టిన పిల్లలు ఆ పాటలో తమ వీధి పేరు పెడితే పెద్దలు కోప్పడనక్కర్లేదు. వాళ్ల అవ్వలు చేసిన పనే వాళ్లూ చేస్తున్నారు.

కానీ ఖాళీ పీటలో తన పేరు పెట్టాలంటే ముందు పీట ఎక్కడుందో పిల్లకు తెలియాలి. పాట రావాలి. టూట్స్‌కు అసలు పాట నోటికి వచ్చు కాబట్టే ఒక్క మాట మార్చగలిగాడు. రేడియోలో దాచిన పాటలు కొన్ని. ఇంట్లో అవ్వల నోట్లో ఉన్నవి ఎన్నో. అవి ఏ ఆర్కైవుకూ ఎక్కలేదు. వాటికి మిగిలిన సమయం అవ్వ ఆయుష్షు ఎంతో అంత.

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు ఫోన్లో ఫొటోలు ఎలాగూ తీస్తాం. ఓ పది నిమిషాలు ఆ ఫోన్ అవ్వ ముందు పెట్టి పాడమనండి. సిగ్గుపడుతుంది, గొంతు పోయిందంటుంది. 'ఇసుర్రాయి ఉంటే గుర్తొచ్చేది' అంటుంది. పక్కన ఇంకో అవ్వను కూర్చోబెడితే మెల్లగా అందుకుంటుంది. పాట మొదట్లోనే ఆమె పేరు, ఆమె పుట్టిన ఊరి పేరు చెప్పించండి. తర్వాత పిల్లలతో ఆ పాట పాడించండి. వాళ్లు ఊరి పేరు మార్చి పాడితే ఆపకండి. ముందు ఎవరు పాడారో, ఏ ఊరి నుంచి పాట వచ్చిందో చెప్పగలిగితే చాలు.